ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయి 14 నెలలు, పీఎస్‌ఏ 0.04 నుంచి 0.07కి వచ్చింది. మళ్ళీ వచ్చినట్టేనా?

కావలి_కిరణ్
మా నాన్నకి 67 ఏళ్ళు, రిటైరైన లెక్కల మాస్టారు. పోయినేడు చెన్నైలో ప్రొస్టేట్ క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి గ్రంథి మొత్తం తీసేశారు. గ్లీసన్ (క్యాన్సర్ ఎంత దూకుడుగా ఉందో చెప్పే అంకె, ఎక్కువైతే ముదురు) 3+4 అన్నారు. ఆరు వారాలకి ఒకసారి, ఆరో నెలలో ఒకసారి పీఎస్‌ఏ (ప్రొస్టేట్ కణాలు వదిలే పదార్థం రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష) ఆ ఆస్పత్రిలోనే చేయించాం, రెండుసార్లూ 0.1. బాగుందన్నారు. పదో నెలలో, ఇంత చిన్న పరీక్షకి చెన్నై దాకా ఎందుకని కావలిలోనే రక్తం ఇచ్చాం. 0.04 వచ్చింది. తగ్గిందని అమ్మ పాయసం కూడా చేసింది. మొన్న పెళ్ళి పని మీద నెల్లూరు వెళ్ళినప్పుడు పొగతోటలో ఒక ల్యాబ్‌లో ఇస్తే 0.07.

నాన్న ఈ అంకెలన్నీ ఎల్‌ఐసీ డైరీలో ఒకదాని కింద ఒకటి రాసుకుంటారు. నిన్న రాత్రి రెండింటికి నేను మంచినీళ్ళకి లేస్తే హాల్లో లైటు వేసుకుని ఆ పేజీ ముందు కూర్చుని ఉన్నారు. నాలుగు నెలల్లో 0.03 పెరిగితే ఏడాదికి ఎంత, ఐదేళ్ళకి ఎంత అని పెన్సిల్‌తో లెక్క వేస్తున్నారు. నన్ను చూసి డైరీ మూసేశారు. డాక్టర్ గారి అపాయింట్‌మెంట్‌కి ఇంకా పన్నెండు రోజులుంది. ఫోన్ చేస్తే రిపోర్టులు తీసుకుని రండి అన్నారు, అంతే. అసలు గ్రంథే లేనప్పుడు పీఎస్‌ఏ ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎవరింట్లో అయినా ఇట్టా జరిగిందా?

ట్రంకురోడ్డు
0.07 అంటే ఏమీ లేనట్టే తమ్ముడూ. 4 లోపల ఉంటే నార్మల్. రిపోర్టులో పక్కనే రాసుంటుంది చూడు.

కందుకూరు_కోడలు
ట్రంకురోడ్డు గారూ, ఆ 0–4 అనేది గ్రంథి ఉన్న మగవాళ్ళకండీ, తీసేసినవాళ్ళకి కాదు. ఆ మాట నమ్మే మా ఇంట్లో ఒక ఏడాది పోగొట్టుకున్నాం. మా మామయ్యకి 2019లో తీసేశారు. మొదటి ఏడాది శ్రద్ధగా చూపించుకున్నాం, తర్వాత కరోనా, ఆ తర్వాత మామయ్యే "నేను బాగున్నాను కదమ్మా, ఎందుకు డబ్బులు" అని వాయిదా వేస్తూ వచ్చారు. 2022లో షుగర్ పరీక్షతో పాటు పీఎస్‌ఏ కూడా చేయిస్తే 0.9 వచ్చింది. ఎక్కువ ఉన్న అంకెలని ఆ ల్యాబ్ వాళ్ళు లావుగా అచ్చు వేసి పక్కన గుర్తు పెడతారు. షుగర్ పక్కన ఆ గుర్తు ఉంది. పీఎస్‌ఏ పక్కన ఏమీ లేదు, 0–4 అని ఉంది. ఊళ్ళో డాక్టర్ గారికి చూపిస్తే ఆయనా నార్మలే అన్నారు. ఆ కాగితాన్ని రంధ్రాలు చేసి ఫైల్లో పెట్టింది నేనే.

మళ్ళీ ఏడాదికి 2.6. చెన్నై తీసుకెళ్తే అక్కడి డాక్టర్ ఫైలు తిరగేసి మొదట అడిగిన మాట, ఈ 0.9 వచ్చినప్పుడే ఎందుకు రాలేదు అని. స్కాన్‌లో కడుపు కింది భాగంలో లింఫు గ్రంథుల్లో రెండు చోట్ల కనిపించింది. ఇప్పుడు మూడు నెలలకొక ఇంజెక్షన్, రోజూ మాత్రలు. తిరుగుతున్నారు, పొలం వెళ్తున్నారు. కానీ ఆ 0.9 కాగితం చేతిలోకి వస్తే నాకు ఇప్పటికీ అన్నం సయించదు.

ట్రంకురోడ్డు
నాకు తెలియదమ్మా. మా అన్నయ్య రిపోర్టు గుర్తుపెట్టుకుని చెప్పాను, ఆయనకి ఆపరేషన్ కాలేదు. కిరణ్, నా మాట పక్కన పెట్టు.

రమణయ్య_ల్యాబ్
నెల్లూరులో ల్యాబ్ టెక్నీషియన్‌గా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. కిరణ్ బాబూ, భయపడే ముందు ఒక పని చెయ్యి. చెన్నై రిపోర్టులు రెండూ బయటికి తీసి 0.1 అంకెకి ఎడమ పక్కన చిన్న కొక్కెం లాంటి గుర్తు ఉందేమో చూడు.

కావలి_కిరణ్
ఉంది సార్! రెండిట్లోనూ ఉంది. ఆ రోజు రిపోర్టు నా ఫోన్‌కి వస్తే నేనే నాన్నకి 0.1 అని చదివి చెప్పాను, ఆయన అట్లాగే రాసుకున్నారు.

రమణయ్య_ల్యాబ్
అది "కంటే తక్కువ" అనే గుర్తు. ఆ మిషన్ 0.1 కింద ఎంత ఉన్నా అంకె చెప్పదు, 0.1 కంటే తక్కువ అని మాత్రమే వేస్తుంది. అంటే అప్పట్లో మీ నాన్నగారికి 0.02 ఉందో 0.08 ఉందో ఎవరికీ తెలియదు. మానికతో కొలిచేవాణ్ణి గిద్ద తేడా అడిగితే ఏం చెప్తాడు? కావలిలో ఇచ్చిన శాంపిల్ ఇంకా సన్నగా కొలిచే మిషన్ మీదికి వెళ్ళింది, అది 0.04 అంది. కాబట్టి పదో నెలలో తగ్గిందని చెప్పడానికి లేదు, మీరు పాయసం చేసుకున్నది ఉందో లేదో తెలియని తగ్గుదలకి. అదే లెక్కన ఇప్పుడు పెరిగిందని కూడా గట్టిగా చెప్పడానికి లేదు, ఎందుకంటే మూడోది ఇంకో ల్యాబ్.

రిపోర్టు అడుగున సన్న అక్షరాల్లో పద్ధతి పేరు ఉంటుంది. ఈసీఎల్ఐఏ అని ఒకచోట, సీఎల్ఐఏ అని ఒకచోట, సీఎంఐఏ అని ఇంకోచోట. పద్ధతి, కంపెనీ మారితే అదే రక్తానికి అంకె కాస్త అటూ ఇటూ వస్తుంది. 8, 10 ఉన్న మనిషికి ఆ తేడా లెక్కలోకి రాదు. 0.04 దగ్గర మాత్రం ఆ తేడానే కొండంత కనపడుతుంది. ఒకే మిషన్ మీద ఒకే శాంపిల్ రెండుసార్లు పెట్టినా నేను 0.03, 0.05 చూశాను. ఆపరేషన్ అయినవాళ్ళు ఎప్పుడూ ఒకే ల్యాబ్‌కి వెళ్ళండి అని ముప్పై ఏళ్ళు కౌంటర్ దగ్గర చెప్తూ వచ్చాను. వినేవాళ్ళు తక్కువ, ఎవరు యాభై రూపాయలు తగ్గిస్తే అక్కడికి పోతారు.

వేదాయపాళెం_వాణి
మరి గ్రంథి తీసేశాక ఆ కాస్త కూడా ఎందుకు వస్తుంది రమణయ్య గారూ? కిరణ్ అడిగింది అదే కదా. మా వారిది కూడా 0.02 దగ్గర ఆగిపోయింది, సున్నా అవ్వదు.

రమణయ్య_ల్యాబ్
అది డాక్టర్లు చెప్పాల్సిన మాటమ్మా, నాకు తెలిసినంత చెప్తాను. గ్రంథి తీసేశాక రక్తంలో ఉన్న పీఎస్‌ఏ రెండు మూడు రోజులకోసారి సగం సగం అవుతూ పోతుంది. ఆరు వారాలకి దాదాపు పూర్తిగా పోవాలి, అందుకే మొదటి పరీక్ష అప్పుడు చేస్తారు. ఆ తర్వాత కూడా సన్నగా కనపడితే, మూత్రసంచి మెడ దగ్గర మామూలు గ్రంథి కణాలు కొంచెం మిగిలి ఉండొచ్చు. అవి క్యాన్సర్ కాదు, కాస్త కాస్త పీఎస్‌ఏ వదులుతూ ఒకచోట నిలబడిపోతాయి. లేదా క్యాన్సర్ కణాలు మిగిలి ఉండొచ్చు, అప్పుడు అంకె నిలబడదు, ఎక్కుతూనే ఉంటుంది. ఒక్క రిపోర్టు చూసి ఇది అదా ఇదా అని ఎవరూ చెప్పలేరు. వరసగా చూడాలి.

మొలగొలుకులు
బెంగళూరులో ఉంటాను, మాది బుచ్చి. ఇంత ఆలోచన ఎందుకు బ్రో, పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ తీయించెయ్యండి. ఒళ్ళంతా చూపిస్తుంది, ఉందో లేదో తేలిపోతుంది.

సింగరాయకొండ77
మొలగొలుకులు గారూ, నేనూ ఇదే అడిగాను మా డాక్టర్‌ని. 0.07 దగ్గర తీస్తే ఎక్కువమందిలో ఏమీ కనపడదట. 0.2 దాటాక కనపడే అవకాశం మెరుగు, పీఎస్‌ఏ పెరిగేకొద్దీ ఇంకా మెరుగు. ఇప్పుడు తీయించి "ఏమీ లేదు" అని వస్తే అది లేదని కాదు, కనపడలేదని. డబ్బులు పోతాయి, పైగా లేనిపోని ధైర్యం వచ్చి తర్వాత పరీక్షలు మానేస్తారు. మామూలు ఎముకల స్కాన్ అయితే ఈ అంకెల దగ్గర అసలు పనికిరాదు.

కావలి_కిరణ్
మరి ఎంత వస్తే తిరిగొచ్చినట్టు లెక్క అన్నా?

సింగరాయకొండ77
నాకు చెప్పింది ఇది. ఆపరేషన్ అయినవాళ్ళలో 0.2 లేదా అంతకంటే ఎక్కువ వచ్చి, మళ్ళీ ఇంకోసారి చేసినప్పుడు కూడా 0.2 కానీ ఆపైన కానీ ఉంటే అప్పుడు తిరిగొచ్చిందని రాస్తారు. ఒక్కసారి వస్తే రాయరు. ఇక ఆపరేషన్ కాకుండా రేడియేషన్‌తో తగ్గించుకున్నవాళ్ళకి లెక్క వేరే. వాళ్ళకి గ్రంథి లోపలే ఉంటుంది కాబట్టి, అందరికంటే కిందికి దిగిన అంకె ఏదో చూసి దానికి 2 కలుపుతారు. అది దాటితే అనుమానం. ఈ రెండు లెక్కలు కలిపేసి జనం కంగారు పడతారు.

నా సంగతి చెప్తా. 2018లో ఆపరేషన్. రెండేళ్ళు కొలిచేంత అంకె రాలేదు. తర్వాత 0.11, మూడు నెలలకి 0.16, ఇంకో మూడు నెలలకి 0.24, నెల ఆగి మళ్ళీ చేస్తే 0.27. అన్నీ ఒకే ల్యాబ్. అప్పుడు రేడియేషన్ అన్నారు. మా అమ్మ "కరెంటు పెడతారా" అని ఏడ్చింది, మా ఊళ్ళో కరెంటు పెట్టారంటే ఇక మనిషి అయిపోయాడనే అనుకుంటారు. డాక్టర్ మాత్రం 0.5 దాటకముందే వచ్చారు, ఇప్పుడు చేస్తే పని చేసే అవకాశం ఎక్కువ అన్నారు.

33 సిట్టింగులు, వారానికి ఐదు రోజులు, చెన్నైలో రూము తీసుకుని ఏడు వారాలకి పైనే ఉన్నాం. నడుము దగ్గర మూడు చోట్ల చిన్న చుక్కలు పొడిచారు, ఇప్పటికీ ఉన్నాయి. మిషన్ గీత ఆ చుక్కల మీద పడేట్టు పడుకోబెడతారు. రోజూ గంట ముందు మూత్రానికి వెళ్ళొచ్చి అర లీటరు నీళ్ళు తాగి బెంచీ మీద కూర్చోవాలి, మూత్రసంచి నిండుగా ఉంటే పేగులు పైకి జరుగుతాయట. ఆపరేషన్ అయ్యాక నాకు ఆపుకోవడం అసలే కష్టం, ఆ గంట నరకం. మిషన్ కింద పది నిమిషాలు, నొప్పి ఏమీ లేదు. శుక్రవారం పొద్దున్నే అయిపోతే మధ్యాహ్నం పినాకిని రైలు ఎక్కి ఇంటికొచ్చి ఆదివారం మళ్ళీ బయల్దేరేవాళ్ళం. నాలుగో వారం నుంచి మూత్రంలో మంట, విరేచనం సరిగా లేదు. అయిపోయిన నెలన్నరకి సర్దుకుంది. ఇప్పుడు నాలుగేళ్ళు దాటింది, 0.01 కంటే తక్కువ. ఆ గుర్తుతో సహా.

కందుకూరు_కోడలు
అన్నా, మీరు 0.24 దగ్గర వెళ్ళారు, మేము 2.6 దగ్గర వెళ్ళాం.

సింగరాయకొండ77
మీ తప్పు కాదమ్మా. కాగితం మీద నార్మల్ అని ఉంటే ఎవరైనా ఫైల్లోనే పెడతారు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి వాళ్ళే డిశ్చార్జి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వాలి, మీకు 0–4 వర్తించదు, 0.2 అయితే రండి అని. తెలుగులో రాసివ్వాలి.

పొదిలి_పంతులు
నాకు ఆపరేషన్ అయి పదకొండేళ్ళు. నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి, రిపోర్టు వచ్చేదాకా నాలుగు రోజులు నిద్రలేకుండా గడిపి, మళ్ళీ మూడు నెలలు దాని గురించే మాట్లాడుకుంటే ఇక బతికేది ఎప్పుడు? నేను కరోనా రెండేళ్ళు పరీక్షే చేయించలేదు. ఏమీ కాలేదు. కిరణ్, మీ నాన్నగారిని డైరీ మూసేసి సాయంత్రం నాలుగు అడుగులు నడవమను. ఈ సన్న మిషన్లు వచ్చాకే మనుషులకి ఈ బెంగ. మా రోజుల్లో 0.1 కంటే తక్కువ అని వచ్చేది, హాయిగా ఉండేవాళ్ళం.

వేదాయపాళెం_వాణి
పంతులు గారూ, మీ గ్లీసన్ ఎంత?

పొదిలి_పంతులు
3+3. ఆరు. కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయని రాశారు.

వేదాయపాళెం_వాణి
అదే నేను చెప్పబోయేది. మీరు రెండేళ్ళు మానేస్తే గడిచిపోయింది, కందుకూరు వాళ్ళకి గడవలేదు. మా వారిది 4+4, వీర్యకోశంలోకి కూడా పాకింది అని రాసుంది. మాకు మూడు నెలలకోసారి అన్నారు, మేము ఒక్కటి కూడా మానలేదు. ఎవరికి ఎన్నాళ్ళకోసారి అనేది ఆపరేషన్‌లో తీసిన గ్రంథిని పరీక్ష చేసి ఇచ్చిన రిపోర్టులో ఉంటుంది. కిరణ్, అది దగ్గరుందా? ముందు చేసిన బయాప్సీ కాగితం కాదు, ఆపరేషన్ తర్వాత వారం పది రోజులకి ఇచ్చినది.

నిద్ర సంగతి మాత్రం పంతులు గారు చెప్పింది నిజం. రిపోర్టు రోజున మా వారు ఫోన్ ముట్టుకోరు, నేనే చూసి చెప్పాలి. అంకె చెప్పకుండా ముందు "బాగుంది" అనాలి, అప్పుడు అంకె. అట్లా ఒప్పందం చేసుకున్నాం.

పొదిలి_పంతులు
అందరినీ మానెయ్యమనలేదమ్మా నేను. నా కేసు వేరే అని ఒప్పుకుంటున్నాను. ఆ మాస్టారు రాత్రి రెండింటికి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడంటే నాకు కడుపు తరుక్కుపోయింది. నేనూ పంతుల్నే.

ఆత్మకూరు_బాషా
నాకొక సందేహం. మా చిన్నాన్నకి నెల్లూరులో ప్రొస్టేట్ ఆపరేషన్ అయి రెండేళ్ళు. పీఎస్‌ఏ 1.8 ఉంది, డాక్టర్ బాగుందన్నాడు. ఇక్కడ చదివాక భయమేస్తోంది. 0.2 దాటి ఎక్కడికో పోయింది కదా?

రమణయ్య_ల్యాబ్
కోసి తీశారా, మూత్రం వచ్చే దారిలోంచి గొట్టం పెట్టి గీకారా?

ఆత్మకూరు_బాషా
గొట్టం పెట్టే చేశారు సార్. మూత్రం రాక బాధపడుతుంటే. క్యాన్సర్ లేదన్నారు.

రమణయ్య_ల్యాబ్
అది వేరే ఆపరేషన్ బాషా, టీయూఆర్‌పీ అంటారు. దారికి అడ్డం వచ్చిన మధ్య భాగం మాత్రమే గీకేస్తారు, గ్రంథి చుట్టూ ఉండే భాగం అట్లాగే ఉంటుంది, కాబట్టి పీఎస్‌ఏ కూడా ఉంటుంది. ఈ 0.2 లెక్క మీ చిన్నాన్నకి కాదు. డాక్టర్ చెప్పినట్టు ఏడాదికోసారి చూపించుకోండి, సరిపోతుంది. మీరు అడగడం మంచిదైంది, ఇద్దరిదీ ప్రొస్టేట్ ఆపరేషనే అని ఇంట్లోవాళ్ళు అంకెలు పోల్చుకుని ఏడుస్తారు, ఎన్నోసార్లు చూశాను.

ఆత్మకూరు_బాషా
గుండె నెమ్మదించింది సార్. చిన్నాన్నకి ఫోన్ చేసి చెప్తా.

ఉదయగిరి_కొండ
మా వైపు కొండ మీద దొరికే ఆకు పసరు ఇస్తారు, 21 రోజులు. మా ఎరికలో ఒకాయనకి పీఎస్‌ఏ సగానికి సగం పడిపోయింది. వీళ్ళు ఒకసారి వాడి చూస్తే పోయేదేముంది?

సింగరాయకొండ77
పోయేది సమయం. ఆయనకి పీఎస్‌ఏ పడింది సరే, జబ్బు తగ్గిందా? అంకె తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. అమెరికాలో పీసీ-స్పెస్ అని మూలికల గుళికలు అమ్మేవాళ్ళు, చాలామందికి పీఎస్‌ఏ పడిపోయింది. పరీక్ష చేస్తే వాటిలో ఆడ హార్మోన్ మందు, రక్తం పలచబరిచే మందు కలిసున్నాయని తేలి 2002లో వెనక్కి తెప్పించారు. పసరులో ఏముందో ఇచ్చేవాడికే తెలియకపోతే, అంకె ఎందుకు తగ్గిందో డాక్టర్‌కి ఎట్టా తెలుస్తుంది?

ఉదయగిరి_కొండ
మంచి జరుగుతుందనే చెప్పాను అన్నా. సరే, డాక్టర్‌కి చెప్పకుండా వాడొద్దు అనే మాట నేనూ ఒప్పుకుంటా.

రమణయ్య_ల్యాబ్
పసరు మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. జుట్టుకీ గోళ్ళకీ అని బయోటిన్ మాత్రలు మింగుతుంటారు చాలామంది. ఎక్కువ డోసులో వాడితే కొన్ని మిషన్ల మీద పీఎస్‌ఏ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. రక్తం ఇచ్చేముందు వాడే మాత్రలన్నీ, విటమిన్లతో సహా, ల్యాబ్‌లో చెప్పండి. రెండు మూడు రోజులు ఆపమంటారు.

కావలి_కిరణ్
నాన్న మాత్రల డబ్బా చూశాను, బయోటిన్ లేదు. బీ12, బీపీ మాత్ర అంతే. వాణి అక్కా, ఆ రిపోర్టు బీరువాలో దొరికింది. పీటీ3ఏ అనీ, ఒకచోట మార్జిన్ పాజిటివ్, 2 మిల్లీమీటర్లు అనీ రాసుంది. ఆ రోజు ఎవరూ ఇది మాకు వివరంగా చెప్పలేదు, "అంతా తీసేశాం" అన్నారు. చదివిన దగ్గర్నుంచి చేతులు చల్లబడుతున్నాయి.

వేదాయపాళెం_వాణి
నెమ్మదిగా చదువు. పీటీ3ఏ అంటే గ్రంథి పైపొర దాటి కాస్త బయటికి వచ్చింది అని. మార్జిన్ పాజిటివ్ అంటే కోసిన అంచు మీద కణాలు కనిపించాయి అని. అంటే అక్కడ కొన్ని మిగిలి ఉండే వీలుంది. అంచు మీద కనిపించిన అందరికీ తిరిగిరాదు, చాలామందికి రాదు. కానీ మీరు పంతులు గారి లాగా రెండేళ్ళు మానెయ్యకూడదు, అంతే దీని అర్థం.

మొలగొలుకులు
మార్జిన్ పాజిటివ్ అని తెలిసినప్పుడు ఆపరేషన్ అయిన వెంటనే రేడియేషన్ ఎందుకు ఇవ్వలేదు? నిర్లక్ష్యం కాదా?

సింగరాయకొండ77
ఇదివరకు అట్లాగే ఇచ్చేవాళ్ళట. తర్వాత రాడికల్స్ అని పెద్ద పరిశోధన చేశారు, బ్రిటన్, కెనడా, డెన్మార్క్, ఐర్లండ్ కలిపి దాదాపు 1,400 మంది మీద. 2020లో ల్యాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందరికీ వెంటనే ఇవ్వడం, పీఎస్‌ఏ చూస్తూ పెరిగినవాళ్ళకే ఇవ్వడం, ఈ రెంటికీ ఫలితంలో తేడా కనపడలేదు. వెంటనే ఇచ్చినవాళ్ళకి మూత్రం ఇబ్బందులు ఎక్కువయ్యాయి. అందుకని ఇప్పుడు చాలామందికి ఆగి చూస్తున్నారు. నిర్లక్ష్యం కాదు. కాకపోతే ఆగి చూడటం అంటే నిజంగా చూడాలి, తారీకు తప్పకూడదు.

మాస్టారికి ఇంకొక మాట చెప్పు కిరణ్. లెక్కల మనిషి కాబట్టి ఆయనకి నచ్చుతుంది. డాక్టర్లు ఎంత పెరిగింది అని కాదు, రెట్టింపు కావడానికి ఎన్నాళ్ళు పట్టింది అని చూస్తారు. మూడు నెలల్లో రెట్టింపైతే తొందరపడతారు, ఏడాది పైన పడితే నిదానంగా వెళ్తారు. దానికి కనీసం మూడు అంకెలు కావాలి, మూడూ ఒకే ల్యాబ్‌వి. వేరు వేరు ల్యాబ్‌ల అంకెలతో ఆ లెక్క వేస్తే తప్పే వస్తుంది. ఇంకా చెప్పాలంటే, 1999లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళు ఒక లెక్క వేశారు. ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ మళ్ళీ మొదలైనవాళ్ళకి ఏ మందూ ఇవ్వకుండా చూస్తే, అది ఎముకల దాకా పాకి స్కాన్‌లో కనపడటానికి సగం మందికి ఎనిమిదేళ్ళకి పైగా పట్టింది. పన్నెండు రోజుల్లో కొంపలేం మునగవు.

కావలి_కిరణ్
ఇది మొత్తం నాన్నకి చదివి వినిపించాను. రెట్టింపు మాట దగ్గర "మళ్ళీ చదువు" అన్నారు. డైరీ తెచ్చి నెల్లూరు, కావలి అంకెల మీద గీత కొట్టలేదు కానీ పక్కన ప్రశ్నార్థకం వేశారు. రాత్రి పడుకున్నారు.

పొదిలి_పంతులు
చాలు బాబూ, అది చాలు.

కావలి_కిరణ్
చెన్నై వెళ్ళొచ్చాం. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. డాక్టర్ గారు నాలుగు కాగితాలూ వరసగా బల్ల మీద పెట్టుకుని, మూడు ల్యాబ్‌లు ఎందుకు మార్చారు అని మొదట అదే అడిగారు. రమణయ్య సార్, మీరే గుర్తొచ్చారు. వాళ్ళ దగ్గర ఇప్పుడు సన్నగా కొలిచే మిషన్ కూడా ఉందట, దాని మీద చేయించారు. 0.05 వచ్చింది. ఇదే మొదటి అంకె అనుకోండి, పాతవి మర్చిపోండి అన్నారు.

మార్జిన్ గురించి నేనే అడిగాను. ఒకచోట 2 మిల్లీమీటర్లు, అందుకే మూడు నెలలకోసారి రమ్మంటున్నా అన్నారు. వరసగా పెరుగుతూ పోతే 0.2 దాకా ఆగకుండా ముందే రేడియేషన్ మాట మాట్లాడదాం, నిలబడితే ఆరు నెలలకి మారుద్దాం, స్కాన్ ఇప్పుడు వద్దు అన్నారు. నాన్న ఒకే ప్రశ్న అడిగారు, "ఇది మామూలు కణాలదా, ఆ కణాలదా?" అని. డాక్టర్ గారు తొందరపడకుండా, ఇవ్వాళ నాకూ తెలియదు మాస్టారూ, మూడు అంకెలు వచ్చాక మనిద్దరికీ తెలుస్తుంది అన్నారు. నాన్నకి ఆ జవాబు నచ్చింది. బయటికొచ్చాక చెప్పారు, అంతా బాగుందని అబద్ధం చెప్పలేదు చూశావా అని.

కందుకూరు_కోడలు
మంచి డాక్టర్. తారీకు క్యాలెండర్‌లో రాసుకో కిరణ్, నాన్నగారి మీద వదిలెయ్యొద్దు. మా మామయ్య లాగే "బాగున్నాను కదా" అంటారు వీళ్ళు. నడుము నొప్పి లాంటిది కొత్తగా వచ్చి తగ్గకపోతే తారీకు కోసం ఆగకుండా చెప్పండి.

రమణయ్య_ల్యాబ్
రక్తం చెన్నైలోనే ఇవ్వక్కర్లేదు. ఆ ఆస్పత్రికి నెల్లూరులోనో ఒంగోలులోనో శాంపిల్ తీసుకునే సెంటర్ ఉందేమో కనుక్కో. శాంపిల్ వెళ్ళేది అదే మిషన్ మీదికైతే ఎక్కడ ఇచ్చినా ఒకటే. మిషన్ ఏదని గట్టిగా అడుగు, అడిగితే చెప్పాలి వాళ్ళు.

కావలి_కిరణ్
మూడు నెలలైంది. 0.05. నిన్న సాయంత్రం వచ్చింది. అమ్మ పాయసం అంది, నాన్న మూడో అంకె వచ్చాక చేద్దువులే అన్నారు.

సింగరాయకొండ77
చాలా సంతోషం తమ్ముడూ. 

వేదాయపాళెం_వాణి
రెండు ఒకటేలా ఉన్నాయి! మాస్టారికి నా నమస్కారం చెప్పు.

చీమకుర్తి_సుబ్బు
ఇప్పుడే ఇదంతా మొదట్నుంచి చదివాను. మా నాన్నకి వచ్చే బుధవారం గుంటూరులో ఆపరేషన్. కిరణ్ అన్నా, మీ నాన్నగారు డైరీలో ఏమేం గళ్ళు గీసుకున్నారో చెప్తారా? మేము మొదటి రోజు నుంచే రాసుకుందామని.

కావలి_కిరణ్
నాన్ననే అడిగి రాస్తున్నా. తారీకు, ల్యాబ్ పేరు, రిపోర్టు అడుగున ఉండే పద్ధతి పేరు, "కంటే తక్కువ" గుర్తు ఉందా లేదా, అంకె, మళ్ళీ వెళ్ళాల్సిన తారీకు. గుర్తుకి ఒక గడి విడిగా గీయమన్నారు, అంకెతో కలిపి రాస్తే చదివేటప్పుడు జారిపోతుందట. పేజీ పైన 0–4 మాకు కాదు అని ఎర్ర సిరాతో రాసుకున్నారు. ఆపరేషన్ తర్వాత వచ్చే గ్రంథి రిపోర్టు జిరాక్స్ తీసి ఆ పేజీకే పిన్ చెయ్యండి. బుధవారం అయ్యాక ఎట్టా ఉందో రాయి సుబ్బూ, చూస్తుంటాం.